అత్తా అని పిలిపించుకున్న అవ్వ

మా అత్త పోయింది. పోయిన నెల, వానలు పడే రోజుల్లో, మా ఆయన బడికి పోవడానికి సైకిలు బయటికి తీస్తుంటే మా పుట్టింటి ఊరి మనిషి ఒకడు తడిసిన గొంగడితో వాకిట్లోకి వచ్చి చెప్పాడు. "నిన్న పొద్దుగూకంగ పోయిందమ్మా మీ అత్త. మీరొచ్చేదాక ఆపుతమన్నరు. జెల్ది బయలెల్లుండ్రి." రాత్రంతా బస్సులు మారి వచ్చినట్టున్నాడు, చెప్పి అరుగు మీద కూలబడ్డాడు.

మా ఆయన ఉద్యోగం కోసం ఉంటున్న ఇచ్చోడలో మా ఇరుగుపొరుగు మంచివాళ్ళు, మా ఆయన వైపు మనుషులను చూసినవాళ్ళు కాదు. అత్త అనగానే మా ఆయన తల్లి అనుకున్నారు. ఆయనను కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు, నాతో మాత్రం "పెద్దపానం, కాలం తీరింది, నువ్వే జర పెనిమిటికి ధైర్యం చెప్పాలె" అన్నారు. కోడలికి ఎంత ఓదార్పు చెల్లుతుందో అంతే ఇచ్చారు. వాళ్ళను తప్పు పట్టను. నేను సంచిలో బట్టలు సర్దుకుంటూ ఊరుకున్నాను. పోయినామె నన్ను కన్నతల్లి. ఆ మాట ఇచ్చోడలో ఎవరికీ చెప్పలేదు, మా ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

చదివే మీకు మాత్రం మొదటి నుంచి చెప్పాలి.

మాది హుస్నాబాద్‌కు దగ్గర్లో చిన్న ఊరు. సాలెవాళ్ళం. ఇంట్లో గుంత మగ్గం. బాపు, అంటే మా నాన్న, మగ్గంలో దిగి కూర్చుంటే మా అత్త పక్కన రాట్నం వేసుకుని కండెలు చుట్టేది. గోడ అవతల కుమ్మరివాళ్ళ ఇల్లు. ఆ ఇంటి ఇల్లాలికి పుట్టినవాళ్ళందరూ దక్కారు, గంపెడు సంసారం. మా ఇంట్లో నాకంటే ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదు. ఒకరు పురిట్లోనే పోయారు, ఒకరు పాకే వయసులో. ఒక పిల్లవాడు మాత్రం మాటలు వచ్చేదాకా ఉన్నాడు. వాడి సంగతి మా అత్త ఎన్నడూ ఎత్తలేదు. కుమ్మరివాళ్ళావిడే ఒకసారి చెప్పింది: పోయే పూట వాడు "అవ్వా, అవ్వా" అని తల్లిని పిలుస్తూనే ఉన్నాడట, మా దిక్కు అమ్మను అట్లాగే అంటాం. ఆమె "ఉన్న బిడ్డా, ఈడనే ఉన్న" అని జవాబిస్తూనే ఉందట.

ఆ తర్వాత నేను పుట్టాను. పిల్లలు దక్కని ఇంట్లో పుట్టిన బిడ్డను మా దిక్కు పెంటకుప్ప మీద పడుకోబెడతారు. ఈ బిడ్డ మాకు వద్దు, పారేశాం అని చావుకు చూపించడం అన్నమాట. పిల్లలు దక్కిన ఇల్లాలు ఒకామె వచ్చి, చాటలో తవుడు పోసి ఇచ్చి, ఆ బిడ్డను కొనుక్కుంటుంది. పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెడతారు. మా ఊళ్ళో పెంటయ్యా అని కేకేస్తే సగం వాడకట్టు తిరిగి చూస్తుంది. నా పేరు కూడా ఆ బాపతే. నన్ను కొన్నది గోడ అవతలి కుమ్మరి ఇల్లాలు, మా కుమ్మరవ్వ.

అందరికీ అది ఒక పూట తంతు. కొన్నామె పేరుకే తల్లి, బిడ్డ పెరిగేది కన్నతల్లి ఒళ్ళోనే. కొన్నేళ్ళు గడిచి, గండం గడిచింది అనుకున్నాక, కొన్నామెకు చీర పెట్టి, తవుడు తిరిగి ఇచ్చి, బిడ్డను మళ్ళీ తెచ్చుకుంటారు. అక్కడితో ముచ్చట అయిపోతుంది. మా ఇంట్లో అయిపోలేదు.

యూనియన్ మిలిటరీ వచ్చి ఊళ్ళు కాస్త సద్దుమణిగిన ఏడు నన్ను తిరిగి తెచ్చుకున్నారు. బాపు కుమ్మరవ్వ కోసం ఎర్రంచు చీర నేశాడు. వాకిట్లో పదిమంది కూడారు. ఆమె నన్ను ఒళ్ళోకి తీసుకుంది. చీరకు గంజి వాసన, అది నాకు గుర్తుంది. "నా బిడ్డ. ఇగ ఇది నా బిడ్డ" అని అందరికీ వినబడేలా అంది. అంత గట్టిగా ఆమె మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

తెల్లారి చూస్తే నా ఒళ్ళు కాలిపోతోంది. ఆపైన పొక్కులు లేచాయి. ఆ ఏడు అమ్మతల్లి వాడకట్టు మొత్తాన్నీ తాకింది. ప్రతి గడపకూ వేపమండలే. కొన్ని ఇళ్ళల్లో పిల్లలు పోయారు, కొన్ని ఇళ్ళల్లో బతికారు. ఆమెకు అవేవీ కనబడలేదు. నా బిడ్డ అన్న మాట ఒక్కటే చెవిలో నిలిచినట్టుంది. నన్ను వేపాకులతో సహా గుడ్డలో చుట్టి ఎత్తుకుపోయి గోడ మీదుగా అందించింది.

"తీస్కో అక్కా. ఇది నీ బిడ్డనే. నేను సోయి తప్పి నాదన్న."

"పిచ్చిగిట్ల లేసిందా నీకు? తల్లి వాడకట్టంత పోసింది. నీ ఒక్క ఇంటికేనా?"

"నాదన్నంకనే పోసింది. తీస్కో, నీ కాల్మొక్త."

కుమ్మరవ్వ తీసుకుంది. నేను బతికాను, మొహం నిండా మచ్చలతో. నేను బతకడమే ఆమెకు రుజువైపోయింది. ఆ తర్వాత ఎవరేం చెప్పినా చెవికెక్కలేదు. మళ్ళీ కడుపు కూడా పండలేదు. నేను లేచి తిరగగానే కొత్త పిలుపులు నేర్పించింది: అవ్వ అంటే గోడ అవతలామె, తాను అత్త. బాపును మాత్రం బాపు అనే అనమంది. ఆ తిరకాసు ఏమిటని వాడకట్టు ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. "బాపు పెండ్లాం అత్తెట్లయితదే పిల్లా?" నేను వెళ్ళి అడిగితే ఆమె కండె చుట్టడం ఆపకుండా చెప్పింది. "సావు తల్లుల దిక్కే సూస్తది. మొగోళ్ళను పట్టించుకోదు. బాపును పిలుసుకో."

రాత్రి పడక కుమ్మరివాళ్ళింట్లో, పగలంతా మా ఇంట్లో. అట్లా గోడకు అటూ ఇటూ పెరిగాను. అన్నం మా అత్తే వండేది. నాకిష్టమని జొన్నరొట్టె మీద పచ్చి వెల్లుల్లి కారం రాసి గిన్నెలో పెట్టి గోడ మీద ఉంచేది. కుమ్మరవ్వ తీసి నా ముందు పెట్టేది. మా అత్త ఎన్నడూ తన చేత్తో నా నోట్లో ముద్ద పెట్టలేదు. వీధిలో పిల్లలందరినీ బిడ్డా, బిడ్డా అని నోరారా పిలిచే మనిషి నన్ను మాత్రం "ఓ కుమ్మరోల్ల పిల్లా" అనేది. కొత్త లంగా కట్టుకుని చూపిస్తే "కాకి తీర్గున్నవ్, అవుతలికి పో" అని మొహం తిప్పుకునేది. కుమ్మరవ్వ నవ్వేది. "కాకిపిల్ల కాకికి ముద్దంటరు. గీమెకు గదీ లేదు."

అయితే తల దువ్వే పని మాత్రం మా అత్త ఎవరికీ ఇవ్వలేదు. అది తప్పు కాదని ఎట్లా తేల్చుకుందో తెలియదు, బహుశా పరాయి పిల్లకైనా తల దువ్వుతారు కదా అనుకుని ఉంటుంది. మధ్యాహ్నం బాపు కునుకు తీస్తుంటే నన్ను ముందు కూర్చోబెట్టుకునేది. పేలు చూసేది, నూనె రాసేది, దువ్వేది, జడ అల్లి మళ్ళీ విప్పేది. బాగాలేదని మళ్ళీ అల్లేది. నేను మెడ నొప్పి పుట్టి "అత్తా, చాలు" అంటే "జర ఆగు, చిక్కున్నది" అనేది. చిక్కేమీ ఉండేది కాదు. అది నాకు అప్పుడే తెలుసు. అందుకే ఎక్కువసార్లు అనేదాన్ని కాదు.

ఒకసారి ఆ గోడ మీంచే పడ్డాను. కింద కుమ్మరివాళ్ళు పారేసిన పెంకులున్నాయి, మోకాలు చీరుకుపోయింది. దెబ్బ తగిలితే ఏ పిల్లయినా ఏమంటుంది, "అవ్వా" అని అరిచాను. కుమ్మరవ్వ మట్టి చేతులతోనే ఉరికి వచ్చి ఎత్తుకుంది. అవ్వ ఎత్తుకున్నాక ఇవతలికి చూశాను. మా అత్త రాట్నం దగ్గర లేచి నిలబడి ఉంది. రెండడుగులు వేసి ఆగిపోయింది. చేతిలోని నూలు తెగి వేలాడుతోంది. నేను చూస్తున్నానని తెలిసి మళ్ళీ కూర్చుని నూలు అతికించింది. ఆ పూట నా గిన్నెలో రొట్టె మీద బెల్లం ముక్క కూడా ఉంది.

నాకు కోపం లేదని చెప్పను. పిల్లనే కదా. నేనేం తక్కువ చేశానని నన్ను ఎత్తుకోదు అని కుమ్మరవ్వను అడిగేదాన్ని. ఆమె చక్రం తిప్పడం ఆపి ఒకనాడు చెప్పింది. "మీ అత్త కొత్తగ కాపురానికొచ్చినప్పుడు సూడాలె. బతుకమ్మ ఆడితే దాని గొంతు ఊరవుతలికి ఇనొస్తుండె. నూలు సేటు తూకం కొడితే కండ్లల్ల కండ్లు పెట్టి అడుగుతుండె, మగోళ్ళే బెదురుదురు. తల్లయినంక గదంత ఎటు పోయిందో పోయింది. ఒక్కో పిల్ల పోయినప్పుడల్ల కొంత కొంత తీస్కపోయిండ్రు. నువ్వు మిగిలినవ్. నిన్ను మిగిలించుకునే పనిల పడ్డది. ఇంకేం పని లేదు దానికి."

తల్లి కావడం గురించి పెద్దలు గొప్ప మాటలు చెబుతారు. మనిషి నిండుతుందంటారు, వెలుగుతుందంటారు. నేను కళ్ళారా చూసిన తల్లి మాత్రం ఖాళీ అయింది. పాట పోయింది, పోట్లాట పోయింది, చివరికి తల్లి అనే పిలుపు కూడా తీసి గోడ అవతల పెట్టేసింది. మిగిలిందల్లా భయం. దాన్ని నా చుట్టూ కంచెలాగా వేసి లోపల నన్ను పెంచింది. ఆ కంచెలోనే బడికి పోయాను, ఏడో తరగతి పాసయ్యాను, ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. ఆ సంగతి మరిస్తే నాకన్నా కృతఘ్నురాలు ఉండదు.

నా పెళ్ళిలో పీటల మీద కూర్చోనంటే కూర్చోనంది. పెద్దమనుషులు గట్టిగా చెప్పారు, పురోహితుడు విసుక్కున్నాడు. చివరికి బాపు తమ్ముడు చిన్నబాపు, చిన్నమ్మ కూర్చుని నన్ను అప్పగించారు. ఒడిబియ్యం కుమ్మరవ్వ పోసింది. నేను అంతమందిలో మా అత్త కోసం వెతికాను. వంట పొయ్యి దగ్గర, అద్దెకు తెచ్చిన గుండిగల వెనక కూర్చుని ఉంది. పొగకు కళ్ళు నలుపుకుంటోంది. ఇచ్చోడ బండి ఎక్కేముందు దగ్గరికి పోతే "అత్తోరింట్ల సల్లటి నీళ్ళతోని తానం జెయ్యకు, నీకు పడది" అంది. నాకు ఏది పడుతుందో ఏది పడదో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

తొలి కాన్పుకు మా ఊరే పోయాను. కొడుకు పుట్టాడు. పురుడు వెళ్ళాక ఒక పూట మా అత్త నా మంచం దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "కుమ్మరక్కతోని ఒక్క మాట అనుకుందామా?" అంది. నేను అర్థం చేసుకుని నవ్వాను. బిడ్డను చూడడానికి వచ్చి పక్కనే ఉన్న మా ఆయన బడిపంతులు. "గిసొంటియన్ని మనింట్ల వద్దు" అన్నాడు, మర్యాదగానే. ఆమె ఊ అని లేచిపోయింది, మళ్ళీ ఎత్తలేదు. నేను నా కొడుకును నా కొడుకా, నా కొడుకా అని కావాలనే గట్టిగా పిలుచుకునేదాన్ని. గోడ అవతలికీ ఇవతలికీ వినబడేలా. ఆ ఎండాకాలం వాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. హుస్నాబాద్ డాక్టరు చేయగలిగింది చేశాడు. వాడు పోయాడు.

ఊళ్ళో అందరూ ఏదో ఒకటి అన్నారు. అనే హక్కు ఉన్న ఒకే ఒక్క మనిషి ఏమీ అనలేదు. పాలు గడ్డకట్టి నేను అల్లాడుతుంటే ఆకులు వెచ్చ చేసి తెచ్చి కుమ్మరవ్వ చేతికిచ్చేది. కొన్నాళ్ళకు నేనే అడిగాను. మధ్యాహ్నం, నా తల దువ్వుతోంది.

"అత్తా, నీ తీర్గ జేస్తే వాడు బతుకుతుండెనా?"

దువ్వెన ఆగలేదు. "ఏమో. నాకెరుక లేదు."

"మరి నాకట్ల ఎందుకు జేసినవ్?"

జడకు మూడు పాయలు తీసింది. తర్వాత, వేరేవాళ్ళ ముచ్చట చెబుతున్నట్టు చెప్పింది. "నీకు తల్లి పోసిననాడు వాడకట్టంత పోసింది. గది నాకెరుకనే. అవ్వా అని పిలుసుకుంటనే శాన మంది పిల్లలు బతికిండ్రు. గదీ ఎరుకనే. నాకేం తెల్వదనుకున్నవా? తెలిసినా ధైర్నం రాలే. ఒకపారి పిలిసి సూద్దామని రోజూ అనుకుంటుంటి. పిలిసినంక నీకేమన్న అయితే? పరీక్ష పెట్టెటందుకు నాకు రెండో పిల్ల ఉన్నదా?"

ఇన్నాళ్ళూ ఆమెది అమాయకత్వం అనుకున్నాను. కాదు. అంతా తెలిసే చేసింది. తెలిసి చేయడం ఇంకా కష్టం. ఆ రోజు నుంచి ఆమె మీద నాకు కోపం పోయింది. దాని స్థానంలో ధైర్యం వచ్చిందా అంటే, అదీ రాలేదు.

రెండో కాన్పులో కూతురు పుట్టింది. ఈసారి తవుడు ముచ్చట ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా. పాపను ఎత్తుకుంది, నీళ్ళు పోసింది, కాళ్ళ మీద బోర్లా వేసుకుని నూనె రుద్దింది. నాకు చేయనివన్నీ దానికి చేసింది. చేస్తూ మధ్యలో ఆగి నా వైపు చూసేది. ఆ చూపులో ఏముందో చెప్పలేను. నేను మొహం తిప్పుకునేదాన్ని.

ఈ ఎండాకాలంలో ఆమెకు బాగాలేదని తెలిసి ఒక్కదాన్నే వెళ్ళాను. పిల్లను మా ఆయన దగ్గర ఉంచాను. ఆమె చిక్కి మంచానికి అంటుకుపోయింది. బాపు మగ్గం ఆపేసి అరుగు మీద కూర్చుంటున్నాడు. "నీ పేరే పలవరిస్తది రాత్రంత. లేసినంక అడిగితే లేదంటది" అన్నాడు. నేను పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను. ఇక ఎన్నాళ్ళుంటుందో చూస్తేనే తెలిసిపోతోంది. పుట్టినప్పటి నుంచి నా గొంతులో ఉన్న మాట ఇప్పుడైనా ఇచ్చేద్దామనుకున్నాను. వంగి చెవి దగ్గర "అవ్వా" అన్నాను.

కళ్ళు తెరిచింది. సంతోషపడుతుందేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని. ఆ కళ్ళల్లో బెదురు తప్ప ఏమీ లేదు. చేయి విడిపించుకుని గోడ వైపు చూపించింది.

"అవ్వ అవుతలింట్ల ఉన్నది. బువ్వ తిన్నదో లేదో పోయి సూడు." కాసేపాగి, మళ్ళీ అంది. "గట్ల పిలువకు. నీకు చిన్న పిల్ల ఉన్నది."

నేను లేచి గోడ అవతలికి వెళ్ళాను. ఇంకేం చేస్తాను? కుమ్మరవ్వ ముసలిదైపోయింది. అన్నం తిన్నానని చెప్పింది. దీపం పెట్టే దాకా ఆమె పక్కనే కూర్చున్నాను. మా అత్తను ప్రాణంతో చూడడం అదే చివరిసారి.

కబురు అందిన రోజు మేము ముగ్గురం బస్సులు మారి, వానలో తడుస్తూ చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. కొత్త కుండ గోడ అవతలి నుంచే వచ్చింది. మా దిక్కు చావింట్లో ఆడవాళ్ళు ఊరికే ఏడవరు, వరస పెట్టి పిలుచుకుంటూ ఏడుస్తారు. కడుపున పుట్టిన ఆడబిడ్డ మొదట గొంతెత్తాలి. అందరూ నా కోసమే చూస్తున్నారు. నేను తలాపున కూర్చున్నాను. కుమ్మరవ్వ వచ్చి నా భుజం మీద చేయి వేసింది.

"ఇప్పుడన్న అవ్వా అని ఏడువు బిడ్డా. ఇగ దానికేం ఫికర్ ఉన్నది. పోయింది గద."

నిజమే. ఆమెకు ఇక ఏ భయమూ లేదు. నేను నోరు తెరిచాను. నా కూతురు ఒళ్ళో కూర్చుని నా కొంగు పట్టుకుని ఉంది. దాని ఒళ్ళు చేతికి కాస్త వెచ్చగా తగిలింది. వానలో తడిసింది, బస్సులో సరిగా నిద్రలేదు. పిల్లలన్నాక ఒళ్ళు వెచ్చబడడం మామూలే. ఆ సంగతి నాకు తెలుసు.

"అత్తా" అన్నాను. "అత్తా, ఓ అత్తా" అని ఏడ్చాను. ఆడవాళ్ళు ఎవరి వరసతో వాళ్ళు అందుకున్నారు. వదినా అన్నారు, అక్కా అన్నారు, చెల్లే అన్నారు. ఆ వాకిట్లో అవ్వా అని ఏడ్చినవాళ్ళు ఎవరూ లేరు.

నా కూతురు తలెత్తి నా మొహంలోకి చూసింది. రెండు చేతులతో నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "అక్కా, ఏడువకు అక్కా" అంది. దానికి మాటలు వచ్చిననాడే ఆ పిలుపు నేర్పించాను, నేనే.